రెండుసార్లు దిద్దిన పాట

బోర్డు వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"రికార్డు ప్లేయర్లు బాగుచేయబడును" అని మా ఆయన సొంత చేత్తో రాసుకున్న బోర్డు అది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని కొట్టు ముందు నుంచి ఊడదీసి, తెచ్చి, గ్యాసుబండ పక్కన ముఖం గోడకు తిప్పి నిలబెట్టారు. అల్లరి చేసిన పిల్లాణ్ణి మూల నిలబెట్టినట్టు.

"ఏమండీ, ఇదేంటి ఇక్కడ?"

"ఎక్కడో ఒకచోట ఉండాలిగా."

"కొట్టు మీద ఉండాలి."

"కొట్టంటూ ఉంటే కదా."

ఆ మాట అనేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. సబ్బు రాసుకుంటూ అలా నిలబడిపోయారు. నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. సంసారం వదిలేసి వెళ్లిపోయిన రోజు పొద్దున ఆయన కూడా ఇలాగే తెగ చేతులు కడుక్కున్నాడని మా అమ్మ చెప్పేది.

నేను తువ్వాలు పట్టుకుని వెనకే నిలబడ్డాను.

"బేకరీ అన్నయ్యగారు అన్న మాటకేనా ఇదంతా?"

"వాడన్నదాంట్లో తప్పేముంది? పాట మీద కంబళి కప్పినట్టుందన్నాడు. వెనకాల మోగాల్సిన చిరుగంటలు వినపడట్లేదన్నాడు. ఉన్నమాట ముఖాన చెప్పే స్నేహితుడు దొరకడం అదృష్టమేలే."

"మనం కూడా ఒకసారి వేసి వినచ్చుగా. నిన్న బేకరీవాళ్లు ఆ సెట్టు తెచ్చి దించింది మొదలు దుప్పటి కప్పి ఉంచారు. నాకు చూస్తేనే ఏదోలా ఉంది."

ఆయన తువ్వాలు అందుకున్నారు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఎవరి చెవులతో వినమంటావే?"

నేను కారుతున్న కుళాయి కట్టేశాను.

"నీ చెయ్యి చూసి నాబ్ తిప్పాను. నీ చెయ్యి సరే అన్నాకే ఆపాను. అయినా ఇలా వచ్చిందంటే, ఇంక నా చేతుల్లో పని లేనట్టే. చెవి పోయినవాడికి పాటల కొట్టెందుకు?"

ఈ సంగతి ఇంట్లో మా ఇద్దరికే తెలుసు. వీధంతా ఆయన్ని ముల్లు మేస్త్రి అంటారు. రికార్డు మీద ముల్లు దించి, కళ్లు మూసుకుని, "ఇది ఎడమకి ఒరిగింది" అని చెప్పేసే మనిషి. అలాంటి మనిషి ఒక రోజు పక్కనే కుక్కరు కూత మీద కూత వేస్తుంటే పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. కోపం వచ్చి నేను పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పాను. "ఏమైంది?" అన్నారు. ఆ అడగడంలో అబద్ధం లేదు. మెదడులో గడ్డా, నరాల జబ్బా, ఇంకేమైనానా అని ఏమేమో ఊహించుకున్నాను. డాక్టరు చూసి గడ్డా లేదు, గిడ్డా లేదు, వయసుకి సన్నటి చప్పుళ్లు మాత్రం పోయాయి అన్నాడు. కూతలు, గంటలు, పిట్టలు. మాటలు బాగానే వినపడతాయి.

అప్పటి నుంచి ఆ సన్నటి పై చప్పుళ్లకి నేనే ఆయన చెవిని. కొట్టు మా ఇంటి ముందుగదే. గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని దర్జీ పంపే చొక్కాలకి గుండీలు కుడుతూ ఉంటాను. పాట నడుస్తుండగా నా సూది ఆడుతూ ఉంటే అంతా బాగున్నట్టు. చెంప మీద చెయ్యి వేసుకుంటే పాట గుచ్చుకుంటున్నట్టు. సూది ఆగిపోతే మొద్దుబారినట్టు. ఆయన నాబ్ మీద వేళ్లు పెట్టి, ఓరకంట నన్ను చూస్తూ తిప్పుతారు. చూసేవాళ్లకి ఆలుమగల మధ్య ముద్దుముచ్చట అనిపిస్తుంది.

"పిచ్చుకకి మాత్రం తెలియకూడదు" అన్నారు ఆ మొదటి రోజే. పిచ్చుకంటే మా అమ్మాయి. నోరు మూతపడదని చిన్నప్పుడు ఆయనే పెట్టిన పేరు. "నా మీద ఒట్టు. దానికి నేనింకా దాని నాన్నలాగే ఉండాలి."

ఆయన మీద ఒట్టు. అందరికీ అది మాటవరస. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అంటారు. నాకు ఆ గట్టు ఎక్కడుందో ఈ వయసుకీ కనపడలేదు. ఒట్టు తప్పితే ఆ మనిషికే ఏదో అవుతుందని నా భయం.

*

టీ తాగుతున్నప్పుడు ముగ్గురం ఒకే బల్ల దగ్గర ఉన్నాం. చెయ్యి చాపితే ఒకరికొకరం అందుతాం.

"అమ్మా, దుప్పటి తీసి ఒకసారి సెట్టు చూడనా అని నాన్నని అడుగు."

"చూసేందుకేం లేదని చెప్పు. సాయంత్రం వాడొచ్చి తీసుకుపోతాడు. మార్కెట్టు వీధిలో కొత్తగా పెట్టిన కొట్లో చూపించుకుంటాడు."

"నా పెట్టె వల్లే అయితే చెప్పమను. పీకి పారేస్తాను."

"దాని పెట్టెని ఇక్కడెవరూ ఏమీ అనలేదని చెప్పు."

"ఏమీ అనకుండానే బోర్డు పీకేశారా అని అడుగు."

"నన్నేమన్నా టెలిఫోననుకున్నారా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్లు. తర్వాత ఎవరు ముందు నవ్వారా అని ఇంకో పోట్లాట పెట్టుకునేవాళ్లు.

ఆ పెట్టె కథ నాకు అర్థమైనంత వరకు ఇది. రికార్డు మీద పాటని ఉన్నదున్నట్టు చెక్కరట. లావు చప్పుళ్లని తగ్గించి, సన్నటివాటిని పెంచి చెక్కుతారట. లేకపోతే గాడిలో పట్టదట, ముల్లు గంతులేస్తుందట. వాయించేటప్పుడు పెంచింది తగ్గించాలి, తగ్గించింది పెంచాలి. ఇన్నాళ్లూ ఆ పని మా ఆయన ఆవగింజలంత ముక్కలకి టంకం పెట్టి చేసేవారు. మా పిచ్చుక పెద్ద చదువు చదివి వచ్చి అదే పనిని అంకెలతో చేయించింది. ముల్లు దగ్గర పుట్టిన చప్పుడు దాని పెట్టెలోకి వెళ్లగానే అంకెలైపోతుంది. లోపల కూడికలు, గుణకారాలు అయ్యాక మళ్లీ పాటై స్పీకర్లలోకి వస్తుంది.

"పాటని ఎక్కాల పుస్తకంలో పెడతావా?" అని ఆయన చాలా రోజులు పోట్లాడారు. "నువ్వు టంకంతో వేసేవీ ఎక్కాలే నాన్నా, నీకు తెలియదంతే" అని అది. చివరికి ఒక రోజు ఆ పెట్టె పక్కన ఒక నాబ్ బిగించి, "లెక్కంతా నాది, ఆఖరి మాట నీది. ఈ నాబ్ నువ్వు ఎక్కడ ఆపితే అక్కడే" అంది. దానికి ఆయన కరిగిపోయారు. అలా తండ్రీకూతుళ్లు కలిసి చేసిన మొదటి సెట్టు బేకరీ అన్నయ్యగారిది. ఇప్పుడు అది ముందుగదిలో దుప్పటి కింద పడుకుని ఉంది.

ఆయన గ్లాసు కింద పెట్టి లేచారు.

"ఎక్కడికి?" అన్నాను వెంటనే.

"ఎక్కడికీ లేదే తల్లీ. పనిముట్లు సర్దుకోవడానికి."

పనిముట్లు సర్దేస్తే మనిషి ఏమైపోతాడు? రేపటి నుంచి పొద్దున్నే లేచి ఎక్కడ కూర్చుంటాడు? కూర్చుని కూర్చుని కాళ్లు పట్టేస్తాయి, తర్వాత గుండె. మా వీధిలో కొట్టు మూసేసిన మగవాళ్లు ఎలా తయారయ్యారో ఒక్కొక్కరినే తలుచుకుంటూ గ్లాసులు కడిగాను.

*

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పిచ్చుక వచ్చింది. బకెట్లోంచి దుప్పటి ఒక కొస అందుకుంది. అడక్కుండా పనిలో చెయ్యి వేసిందంటే ఏదో ఉన్నట్టే.

"అమ్మా, తప్పు నాదే."

పెళ్లి కాని పిల్ల "తప్పు నాదే" అంటే తల్లి ప్రాణం ఎక్కడెక్కడికి పోయి వస్తుందో చెప్పక్కర్లేదు. నోట్లో ఉన్న క్లిప్పు కింద పడింది.

"ఎవడే?"

"ఎవడేంటి? అబ్బా, అది కాదమ్మా. సెట్టు గురించి."

"చెప్పి చావచ్చుగా ముందే." నేను గోడకి ఆనుకున్నాను.

అది దుప్పటి అంచు తీగ మీద సర్దుతూ ఉంది. చక్కగా ఉన్న అంచునే మళ్లీ మళ్లీ సర్దుతోంది.

"నాన్నకి పై చప్పుళ్లు వినపడట్లేదమ్మా."

నేను ఆరేయబోయిన చొక్కా మళ్లీ బకెట్లో వేశాను.

"గదిలో చప్పుడు ఎలా తిరుగుతోందో కొలుద్దామని ఆమధ్య మైకు పెట్టి ఒక ఈల వేయించాను. లావుగా మొదలై సన్నబడుతూ సన్నబడుతూ పోతుంది. నాన్న పక్కనే ఉన్నాడు. ఈల మధ్యలో ఉండగానే 'ఆపేశావేం?' అన్నాడు."

"మరి?"

"అది మోగుతూనే ఉందమ్మా. నాకు చెవులు గింగురుమంటున్నాయి."

"నువ్వేమన్నావు?"

"అయిపోయింది నాన్నా అన్నాను. అది మోగుతుండగానే."

నేను దగ్గరికి వెళ్లి దాని జుట్టులో చిక్కుకున్న దారప్పోగు తీశాను. ఏమనాలో తెలియనప్పుడు చేతులకైనా పని ఉండాలి.

"నాన్నకి ఆ సంగతే తెలియదు పాపం. తెలిస్తే తట్టుకోలేడు. తనకి వినపడట్లేదు కాబట్టి నాబ్ ఎక్కువ తిప్పేస్తాడు కదా. పోయినేడు చేసిన పాత సెట్టొకటి కొలిచి చూశాను. పైవన్నీ బాగా పెంచేసి ఉన్నాయి. అందుకని పెట్టె లోపలి లెక్కలో నేను అంతకి అంత తగ్గించాను."

"ఎప్పుడు?"

"బేకరీలో బిగించేటప్పుడు. నేను బయటికెళ్లినప్పుడు నాన్న నాబ్ తిప్పి పంపించేశాక. నాబ్ ముట్టుకోలేదు, ఆఖరి మాట నాన్నదేగా. లోపల మాత్రం దిద్దాను."

"దిద్ది విన్నావా?"

"అక్కడ పిండి కలిపే మిషను రొదలో ఏం వినపడి చస్తుంది? అంకెలు సరిగ్గా ఉన్నాయి కదా అని వచ్చేశాను. బాబాయి పొద్దున్నే మిషను వేయకముందు వింటాడు. ఆ నిశ్శబ్దంలో కంబళి బయటపడింది. ఎక్కడ తప్పానో అర్థం కావట్లేదమ్మా. మూడుసార్లు లెక్క వేశాను. లెక్క తప్పు లేదు."

లెక్క తప్పు లేదు. నాకు తెలుసు ఎక్కడ తప్పిందో.

కూరలో ఉప్పెక్కువైందని అత్తగారు చెంబుడు నీళ్లు పోసి వెళ్తుంది. ఆ సంగతి తెలియని కోడలు వచ్చి తనూ ఒక చెంబు పోస్తుంది. ఇద్దరూ మంచివాళ్లే. కూర మాత్రం నీళ్లపాలు.

పోయినేటి సెట్టు నేను పీట ఎక్కకముందుది. దీన్ని ఆయన నా చెయ్యి చూసి ముందే తగ్గించేశారు. తగ్గించిందాన్నే ఇది మళ్లీ తగ్గించింది. ఆయనకి తెలియదని ఇది, దీనికి తెలియదని ఆయన.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు పాట చక్కగా కుదిరాక కూడా, ఎవరైనా గుచ్చుకుంటోందంటే ఆయన పరువు పోతుందేమోనని, ఎందుకైనా మంచిదని, నేను ఇంకోసారి చెంప మీద చెయ్యి వేసుకున్నాను. ఆయన ఇంకాస్త తగ్గించారు. అంటే రెండు చెంబుల మీద నా దోసెడు కూడా.

నోరు తెరిచాను. "అది కాదే, మీ నాన్న..."

"నాన్నకి చెప్పకమ్మా." నా తడి చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. చెవుల సంగతి నీ నోటి నుంచి నాన్న వినకూడదు."

అటు మొగుడి మీద ఒట్టు. ఇటు కన్నకూతురి మీద ఒట్టు. అడకత్తెరలో పోకచెక్కనై నిలబడ్డాను. ఒక్క మాట చెబితే చాలు, బోర్డు మళ్లీ కొట్టెక్కుతుంది. ఆ ఒక్క మాట ఎవరితో చెప్పినా ఇంకొకరి మీద ఒట్టు తప్పుతుంది. చెప్పాక ఆయన మెట్లు దిగుతూ జారితే? ఇది రోడ్డు దాటుతుంటే ఏదైనా బండి వస్తే? వద్దు. ఆ ఊహలే వద్దు.

"ఒసేయ్" అన్నాను. "నువ్వు తగ్గించిందేదో, ఆ లోపలి లెక్క, తీసేయచ్చా?"

"ల్యాప్‌టాప్ తగిలిస్తే ఒక్క నొక్కుతో పోతుంది. కానీ తీస్తే గుచ్చుకుంటుంది."

"ఒకసారి తీసి చూడు."

"ఎందుకు?"

"ఎందుకైనా మంచిది."

"అమ్మా, నువ్వు ఆ మాటని వాడని పని ఒక్కటి చెప్పు." పొద్దుటి నుంచి మొదటిసారి దాని పెదవి కాస్త కదిలింది. "నాన్న ముట్టుకోనివ్వడుగా."

"ఆయన్ని నేను చూసుకుంటా."

*

ఆయన బల్ల మీది పనిముట్లు ఒక్కొక్కటి తుడిచి అట్టపెట్టెలో పెడుతున్నారు. ముళ్లు చూసే భూతద్దం పెట్టబోయి, మళ్లీ జేబులో వేసుకున్నారు. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఇచ్చేసే వస్తువు చూసి ఇవ్వాలి కదండీ."

"చూసేందుకేముంది?"

"నిన్న ఆటోలో వేసుకొచ్చారు. కుదుపుకి ముల్లు వంగి ఉంటే? కొత్త కొట్టువాడు చూసి, ముల్లు మేస్త్రి వంగిన ముల్లు పెట్టాడని ఊరంతా చెప్తాడు."

"నా చేతి ముల్లు వంగదు."

"వంగలేదని చూసి ఇవ్వండి. నా మనశ్శాంతికి."

"నీకు మనశ్శాంతి అంటూ ఉంటే ఆ రోజు ఊరంతా సెలవివ్వాలి." అయినా చెయ్యి దుప్పటి మీదికి వెళ్లింది. ఆ చేతికి ముల్లంటే ఉన్న పౌరుషం నాకు తెలియనిదా?

దుప్పటి తీసేశారు. మూత అంచుల్లో ఇంకా బేకరీ పిండి ఉంది. ఆయన దాన్ని ఊదారు.

నేను చీపురు తెచ్చి గది ఊడవడం మొదలుపెట్టాను. పిచ్చుక ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చుంటుంది, గుమ్మం దానికి వెనక పడుతుంది. ఊడుస్తూ ఊడుస్తూ దాని కుర్చీని బల్ల ఇవతలికి జరిపాను. ఇప్పుడు అందులో కూర్చున్నవాళ్లకి ఎదురుగా నాబ్ మీద ఆయన చెయ్యి కనపడుతుంది, కాస్త తల తిప్పితే గుమ్మం పక్కన నా ముక్కాలిపీట కనపడుతుంది. నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. ఒట్టు ఎక్కడా తప్పలేదు. గది ఊడ్చాను, కుర్చీ జరిగింది. అంతే.

"ఇటెందుకు పెట్టావమ్మా?" అంది పిచ్చుక లోపలికి వస్తూ.

"అక్కడ దుమ్ము లేచింది. కూర్చో."

అది కూర్చుని ల్యాప్‌టాప్ తగిలించింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు. అలాగని దానివైపు చూడనూ లేదు. అది ఏదో ఒకటి నొక్కి, నా వైపు తల ఊపింది. లోపలి దిద్దుబాటు పోయిందన్నమాట.

ఆయన సెట్టుతో పాటే వచ్చిన బేకరీ అన్నయ్యగారి రికార్డు పళ్లెం మీద పెట్టారు. ఎవరో తల్లి పిల్లని నిద్రపుచ్చుతూ పాడే పాట, వెనకాల ఎక్కడో చిరుగంటలు ఉండాలి. అన్నయ్యగారి భార్య కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న రికార్డట. ఆయన ముల్లు దించారు.

నేను పీట మీద కూర్చుని చొక్కా తీశాను. సూదిలో దారం మూడోసారికి గానీ ఎక్కలేదు.

పాట మొదలైంది. కంబళి లేదు. గొంతు గదిలోకి నడిచి వచ్చినట్టుంది. కానీ గంటలు ఇంకా కాస్త దూరంగానే, మూసిన తలుపు అవతల ఉన్నట్టున్నాయి. నా దోసెడు నీళ్లు అవి.

పిచ్చుక కళ్లు పెద్దవి చేసింది. "గుచ్చుకోవట్లేదేం?" అని తనలో తను గొణుక్కుంది. తెర మీది గీతల్ని చూసింది. నాబ్ ఎక్కడుందో చూసింది. దాని నుదురు ముడిపడింది.

ఆయనకి తేడా అందలేదు. అలవాటుగా ఓరకంట నావైపు చూశారు.

నేను సూది ఆపేశాను.

నాబ్ మీద ఆయన వేళ్లు కొద్దిగా తిరిగాయి. నా సూది ఇంకా ఆగే ఉంది. ఇంకొంచెం తిరిగాయి. ఆ మూసిన తలుపు తెరుచుకున్నట్టయింది. చిరుగంటలు ఒక్కసారిగా గదిలో రాలాయి, గచ్చు మీద ఆవాలు ఒలికినంత సన్నగా. నేను సూది గుడ్డలో దింపాను. ఆయన వేళ్లు ఆగిపోయాయి. సరిగ్గా అక్కడే.

తల ఎత్తి చూద్దును కదా, పిచ్చుక నావైపు చూస్తోంది.

నా చెయ్యి చూసింది. ఆయన చెయ్యి చూసింది. మళ్లీ నా సూది చూసింది. చిన్నప్పుడు కూడా అంతే, లెక్క తేలేటప్పుడు దాని నోరు కొంచెం తెరుచుకుంటుంది.

నేను చూపు దించుకుని గుండీ కుట్టాను. కుట్టిన గుండీనే మళ్లీ కుట్టాను. ఇప్పుడు ఇది ఏడుస్తుందా, అరుస్తుందా, "ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారా" అని ఇల్లు వదిలి పోతుందా? ఆయన సంగతేంటి? కూతురి ముందు గుట్టు బయటపడ్డ మనిషి ఈ పూట అన్నం ముట్టుకుంటారా?

పాట సగంలో ఉండగా అది లేచింది. వెళ్లి ముల్లు ఎత్తింది. గంటలు ఆగిపోయాయి.

"ఎందుకు తీశావు?" అన్నారు ఆయన. పొద్దుటి నుంచి నన్ను మధ్యలో పెట్టకుండా దానితో అన్న మొదటి మాట అది. "బాగోలేదా?"

"బాగుంది నాన్నా. చాలా బాగుంది."

"మరి?"

అది బల్ల మీద చేతులు ఆనించింది. కళ్లల్లో నీళ్లు నిండాయి కానీ గొంతు మాత్రం మెత్తగా, నిలకడగా వచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు. జ్వరం వచ్చినప్పుడు దాని నుదుటి మీద గుడ్డ వేస్తూ ఆయన మాట్లాడే గొంతు అది.

"నేను పెట్టెలో ఒక లెక్క పెట్టాను నాన్నా, నీకు చెప్పకుండా. బాబాయికి కంబళిలా వినపడింది దానివల్లే. నీ చెయ్యి ఆపిన చోటు తప్పు కాదు."

ఆయన ముఖంలో వెలుగు రాబోయి మధ్యలో ఆగింది. "ఏం లెక్క?"

"నీకు వినపడనిది నేను దిద్దుదామనుకున్నాను."

పళ్లెం ఒక్కటే ఊరికే తిరుగుతోంది. ఆయన నావైపు తిరిగారు. నేను అడ్డంగా తల ఊపాను. నేను కాదు, నేను చెప్పలేదు, మీ మీద ఒట్టు. ఎంతగా ఊపానంటే మెడ పట్టేసింది.

"అమ్మేం చెప్పలేదు" అంది పిచ్చుక. "కుర్చీ జరిపింది, అంతే."

బయట ఆటో ఆగిన చప్పుడైంది. "మేస్త్రీ, ఉన్నావా?" అని బేకరీ అన్నయ్యగారి కేక. సాయంత్రం వస్తానన్న మనిషి మధ్యాహ్నమే వచ్చేశారు. గోడవైపు తిరిగిన బోర్డు నాకు గుర్తొచ్చింది. ఆయన గబగబా దుప్పటి అందుకోబోయారు.

పిచ్చుక ఆయన చెయ్యి పట్టుకుంది. దుప్పటి తీసి కింద పడేసింది. ఆ చేతిని తెచ్చి మళ్లీ నాబ్ మీద పెట్టింది.

"బాబాయిని కూర్చోబెట్టమ్మా" అంది నాతో. ఆయనతో మెల్లగా అంది. "ఇంకోసారి వేద్దాం నాన్నా. ఈసారి అమ్మవైపు కాదు. నావైపు చూడు."

నేను లోపలికి వచ్చిన అన్నయ్యగారికి కుర్చీ వేసి, మళ్లీ పీట మీద కూర్చుని, చొక్కా ఒళ్లో పెట్టుకుని చేతులు రెండూ ముడుచుకున్నాను. వాటికి ఇంక పని లేనట్టుంది.

ముల్లు దిగింది. గంటలు మొదలయ్యాయి. పిచ్చుక ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడి ఉంది.

ఆయన వేళ్లు నాబ్ మీదే ఉన్నాయి. తల మాత్రం ఇంకా ఎత్తలేదు.